నలభై దాటాక వయొలిన్ పరీక్ష: కొన్ని తలకిందుల సలహాలు

పరీక్షకు రెండు నెలలుందనగా వర్ణాల పుస్తకం మూసేసి బీరువాలో పెట్టండి. కృతుల జోలికి అసలే పోకండి. మాయామాళవగౌళలో సరళీ వరుసలు తీసి, పక్కింటి పిల్లలు వాయించే వేగంలో సగం వేగంతో వాయించండి. ఇదీ నా మొదటి సలహా. ఇది విన్న పెద్దవాళ్ళెవరూ సంతోషించగా నేను చూడలేదు. తిరుపతిలో బ్యాంకు ఉద్యోగి కానివ్వండి, చిత్తూరులో రిటైరైన హెడ్‌మాస్టరు కానివ్వండి, పలమనేరు నుంచి బస్సెక్కి వచ్చే టీచరమ్మ కానివ్వండి, అందరిదీ ఒకటే మాట. "అవన్నీ ఎప్పుడో అయిపోయినాయి కద సార్, మళ్ళీ మొదటికొస్తే ఎట్లా?"

రావాల్సిందే. పరీక్ష గదిలో ఎదురుగా కూర్చున్న విద్వాంసులు మీకు ఎన్ని కృతులు వచ్చో లెక్కపెట్టుకుంటూ ఉండరు. మీరు కమాను ఆనించిన తొలి రెండు ఆవర్తాల్లోనే వాళ్ళకు కావలసింది తెలిసిపోతుంది: శ్రుతి నిలిచిందా, కాలం నిలిచిందా. పెద్దవాళ్ళతో ఒక చిక్కుంది. పాట వాళ్ళకు ముందే వచ్చు. అన్నమయ్య కీర్తనలు పుట్టినప్పటి నుంచి చెవిన పడుతూ ఉన్న ఊళ్ళో ఉంటున్నాం మనం. వేలు కాస్త పక్కన పడినా మనసు ఆ స్వరాన్ని సరిచేసుకుని వినేస్తుంది. వాయించేవారికి బాగానే ఉంటుంది, ఎదుట వినేవారికే అపస్వరం. సరళీ వరుసలో ఆ సౌకర్యం లేదు. అక్కడ సాహిత్యం లేదు, గమకం లేదు, భక్తి లేదు. ఏడు స్వరాలుంటాయి, అవి ఉన్నచోట ఉంటాయి లేదా ఉండవు.

వేళ్ళ దగ్గరికి వచ్చి చూడండి. మన పద్ధతిలో వయొలిన్ నాలుగు తీగలకూ శ్రుతి సపసప. షడ్జమం ఖాళీ తీగ. దాని మీద శుద్ధ రిషభానికి చూపుడు వేలు దాదాపు మెడ మొదట్లోకి వెళ్ళిపోవాలి. అంతర గాంధారానికి మధ్యవేలు బాగా దూరం సాగాలి. ఆ వెంటనే మధ్యమానికి ఉంగరపు వేలు వచ్చి మధ్యవేలికి ఆనుకుని కూర్చోవాలి. ఒక దూరం, ఒక దగ్గర. పంచమం మళ్ళీ ఖాళీ తీగ, దాని మీద శుద్ధ ధైవతం, కాకలి నిషాదం, పై షడ్జమం సరిగ్గా అదే కొలతలో వస్తాయి. ఒక తీగ మీద కుదిరిన చెయ్యి నాలుగు తీగల మీదా కుదురుతుంది. ముప్పై ఏళ్ళు పెన్నూ కీబోర్డూ పట్టిన చేతికి ఆ చూపుడు వేలికీ మధ్యవేలికీ నడుమ ఎడం సాగడమే కష్టం. గాంధారం కొద్దిగా కిందికి దిగి పలుకుతుంది. తిరుపతి, చిత్తూరు పెద్ద విద్యార్థుల్లో నేను మళ్ళీ మళ్ళీ విన్న అపస్వరం ఇదొక్కటే. ఈ ఒక్క గాంధారం నిలబెట్టుకుంటే పరీక్ష సగం అయినట్టే.

మొదటికి రావడం చిన్నతనమని అనుకునేవాళ్ళకు మన పక్క కొండ సంగతి గుర్తుచేస్తాను. ముత్తుస్వామి దీక్షితులు తొలి కృతి చేసింది తిరుత్తణిలో. 1960 ఏప్రిల్ 1న తమిళనాడు వైపు పోయేదాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాదే. ఆ కృతి రాగం మాయామాళవగౌళ. అప్పటికే వీణ, వేదాంతం, కాశీవాసం అన్నీ అయిన మనిషి పిల్లల పాఠాల రాగంతోనే మొదలుపెట్టాడు. కర్ణాటక సంగీతానికి వయొలిన్‌ను తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకునే పేరు ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులదే (1786-1859). ఇక ఆ రాగంలో తొలి పాఠాలు కూర్చిన పురందరదాసుకూ తిరుమలకూ ఉన్న బంధం కొండెక్కే ప్రతివాళ్ళకూ తెలుసు. ఇంతమంది పెద్దలున్న చోటికి వెనక్కి వెళ్ళడంలో సిగ్గెందుకు?

రెండో సలహా ఇంకా తలకిందులుగా ఉంటుంది. ఒక వారం పాటు ఎడమ చెయ్యి వాడకండి. ఖాళీ తీగల మీద కమాను ఒక్కటే నడపండి. మొదటి నుంచి చివరిదాకా, ఒక నిండు కమానుకు ఎనిమిది అక్షరాల కాలం పట్టాలి. పెద్దవాళ్ళు ఎడమచేతి వేళ్ళ గురించే బెంగపడతారు గానీ వాళ్ళ నాదం పాడయ్యేది కుడిచేతిలో. భయం వేస్తే ముందు బిగుసుకునేది కుడి భుజం. అప్పుడు కమాను కురచబడుతుంది, నడుమ రెండు మూడు అంగుళాల్లోనే ఆడుతుంది, నాదం గీరుకుపోతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893-1964) పాశ్చాత్య వయొలిన్‌వాళ్ళ కమాను పనితనాన్ని శ్రద్ధగా గమనించి మన సంగీతానికి వాడుకున్న మనిషి. విజయనగరం సంగీత కళాశాలలో 1919లో ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. పాత రికార్డింగుల్లో ఆయన నాదం నిండుగా ఉంటుంది. వేళ్ళ సంగతి పక్కనపెట్టి ఆయన కమాను ఎంతసేపు ఒకే దిక్కుకు సాగుతుందో మాత్రమే వినండి. అదే మీ వారం రోజుల పాఠం.

డైనింగ్ టేబుల్ మానేయండి. ఇదేం సలహా అంటారేమో. పరీక్షలో బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, వయొలిన్ తల కుడి పాదం మీద ఆనాలి, రెండో కొస ఛాతీకో భుజానికో ఆనాలి. నలభై దాటిన మోకాలు పది నిమిషాలకే సలుపుతుంది. మోకాలు సలిపితే పాదం కదులుతుంది, పాదం కదిలితే వయొలిన్ తల కదులుతుంది, తల కదిలితే గాంధారం పోయింది. గురువుగారి ఎదుట వారానికి రెండుసార్లు నేల మీద కూర్చుంటే ఈ కాళ్ళు అలవాటుపడవు. మూడు పూటలా కింద కూర్చుని తినండి, పేపరు కింద కూర్చుని చదవండి, టీవీ కింద కూర్చుని చూడండి. డాక్టరు వద్దన్న మోకాళ్ళయితే ముందే అడిగి కుర్చీకి అనుమతి తీసుకోండి, అందులో తలవంచుకోవలసింది ఏమీ లేదు. ఇంకొకటి, వాయించేటప్పుడు కాలి బొటనవేలితో తాళం వేయకండి. ఆ కాలే వాయిద్యాన్ని మోస్తూ ఉంటుంది. తాళం లోపల నడవాలి.

మూడో కాలం సాధన చేయొద్దని చెబితే గురువులు నా మీదికి వస్తారు. అయినా చెబుతాను. పెద్దవాళ్ళు పరీక్షలో తప్పేది మూడో కాలంలో, కానీ ఆ తప్పు పుట్టేది మొదటి కాలంలో. "మూడు కాలాలూ వాయించండమ్మా" అనగానే గుండె దడతో మొదటి కాలమే పరుగున ఎత్తుకుంటారు. మూడో కాలం దానికి నాలుగింతలు. ఆదితాళంలో అక్షరానికి ఒక స్వరం అనుకుంటే, మూడో కాలంలో అక్షరానికి నాలుగు. మొదటిది పరుగైతే నాలుగోవంతు సమయంలో ఏ వేలు అందుకుంటుంది? అందుకని మీ సాధనంతా ఒక్కదాని మీదే పెట్టండి: మొదటి కాలం ఎత్తుకోవడం. పొద్దున నిద్ర లేవగానే ఒకసారి, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాక ఒకసారి, ఇంట్లో ఎవరితోనో మాటామాటా అనుకున్న తర్వాత ఒకసారి. ఎత్తుకోండి, నాలుగు ఆవర్తాలు వాయించండి, ఆపేయండి. ఏ గుండె వేగంలోనైనా అదే నిదానం రావాలి. అది వచ్చిన చేతికి మూడో కాలం దానంతట అదే వస్తుంది.

తలుపు వేసుకుని సాధన చేయకండి. నాదం తగ్గించే మ్యూట్ గుర్రం మీద పెట్టకండి. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళు ఇక్కడ గొడవపడతారు, నాకు తెలుసు. చిత్తూరులో ఒక పెద్దాయన "ఈ వయసులో ఇదేం పని సామీ, జనాలు నవ్వుతారు" అని రాత్రి పదింటికి కిటికీలన్నీ మూసి వాయించేవారు. ఎవరూ వినని గదిలో సాధించింది ఎవరూ వినని గదిలోనే వస్తుంది. పరీక్ష అంటే వినే మనుషులుండే గది. పరీక్షకు ముందు కనీసం పదిమందికి మీ అలంకారాలు వినిపించండి. పేపరబ్బాయి, పూలమ్మ, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, ఎవరైనా సరే. నవ్వితే నవ్వనివ్వండి. నవ్వు విని కూడా ఆగని కమాను పరీక్ష గదిలో వణకదు.

అదే కారణంగా, పెద్దవాళ్ళకు వేరే బ్యాచి కావాలని అడగకండి. టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో పగలు విశారద, ప్రవీణ కోర్సులున్నట్టే సాయంకాలం కళాప్రవేశిక తరగతులున్నాయి. ఊళ్ళో ఇళ్ళ దగ్గర పాఠం చెప్పే గురువులూ చాలామందే. ఎక్కడైనా పదేళ్ళ పిల్లల పక్కన కూర్చోండి. ఆ పిల్లలు మీకన్నా బాగా వాయిస్తారు. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మీ భుజం దిగుతుంది. పిల్లలు తప్పు వాయించి కూడా ముఖం మార్చరు, తర్వాతి స్వరానికి వెళ్ళిపోతారు. పెద్దవాళ్ళు తప్పు రాగానే ఆగి, నాలిక కరుచుకుని, మొదటి నుంచి ఎత్తుకుంటారు. ఏళ్ళ తరబడి ఇలా ఆగి ఆగి, ఆగడమే సాధన అయిపోతుంది. అందుకని చివరి నెలంతా తప్పు దిద్దుకోవద్దు. తప్పు వచ్చినా తాళం విడవకుండా ఆవర్తం చివరిదాకా వెళ్ళండి. దిద్దుకునే కాలం అంతకుముందే ఉంది, సరళీ వరుసల దగ్గర.

శ్రుతి చేసిన వయొలిన్‌ను జాగ్రత్తగా పెట్టెలో పెట్టి పరీక్షకు తీసుకెళ్ళాలనే ఆలోచన మానుకోండి. రోజూ శ్రుతి చెడగొట్టండి. నాలుగు బిరడాలూ వదులు చేసి, తంబూర పెట్టుకుని, మనుషుల ఎదుట మళ్ళీ శ్రుతి చేసుకోండి. వేసవిలో తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పాలా? గాలిలో తేమ పోయి కొయ్య బిరడాలు ముడుచుకుని జారతాయి. అదే నవంబరు వానల్లో ఉబ్బి, తిప్పితే కదలవు. మీరు చిత్తూరులో పొద్దున చేసుకున్న శ్రుతి, డెబ్భై కిలోమీటర్ల బస్సు ప్రయాణం చేసి తిరుపతిలో దిగేసరికి ఉండదు. ఫైన్ ట్యూనర్ల మీదే ఆధారపడితే బిరడా పూర్తిగా జారిన రోజు చేతులెత్తేయాలి. గదిలో అడుగుపెట్టాక నిదానంగా శ్రుతి చేసుకునే మనిషిని చూసి పరీక్షకులు విసుక్కోరు. శ్రుతి చేసుకోవడం కూడా వాళ్ళు వింటున్న పరీక్షే.

పాడలేనిదాన్ని వాయించకండి. గొంతు బాగాలేదనే కదా వయొలిన్‌కు వచ్చాం అంటారు చాలామంది. గొంతు బాగుండనక్కర్లేదు, స్వరస్థానం బాగుంటే చాలు. గీతమైనా స్వరజతైనా ముందు చేత్తో తాళం వేస్తూ స్వరాలు పాడండి. పాటలో తడబడ్డ చోటే వేలూ తడబడుతుంది, కావాలంటే చూసుకోండి. ఇంట్లో వాయిద్యం తీయడానికి వీల్లేని రోజు పాడడమే సాధన.

థియరీ గురించి ఎక్కువ చెప్పను. పెన్ను పట్టిన జీవితాలు కాబట్టి పెద్దవాళ్ళు అక్కడ అవసరానికి మించి చదువుతారు, వాయించకుండా తప్పించుకోవడానికి అదొక దారి. డెబ్భై రెండు మేళకర్తల పట్టిక బట్టీ కొట్టకండి. కటపయాది ఒక్కటి అర్థం చేసుకుంటే చాలు. మాయామాళవగౌళలో మా అంటే ఐదు, య అంటే ఒకటి, తిరగేస్తే పదిహేను. ధీరశంకరాభరణంలో ధ తొమ్మిది, ర రెండు, ఇరవై తొమ్మిది. మేచకల్యాణిలో మ ఐదు, చ ఆరు, అరవై ఐదు. బస్సులో కూర్చుని ఒక్కో రాగం పేరు ఇలా విప్పుకుంటూ పోతే చిత్తూరు నుంచి తిరుపతి వచ్చేలోపు పేపరులో సగం చేతికి వస్తుంది. మిగిలిన సమయం వయొలిన్‌కు ఇవ్వండి.

ఈమధ్య కొందరు వయోలా పట్టుకుని చెన్నై వెళ్ళి ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం సంస్థల పాశ్చాత్య సంగీత గ్రేడ్ పరీక్షలు రాస్తున్నారు. వయోలా వయొలిన్‌కన్నా కాస్త పెద్దది, పంచమం కిందికి పలుకుతుంది. మగవాళ్ళ గొంతు శ్రుతికి ఆ గాంభీర్యం బాగా ఇముడుతుంది. మన సంగీతానికి అది కొత్త కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930-2016) గాత్రంలో అంత కీర్తి ఉండి కూడా వయోలా చేతబట్టి వాయించారు. వయోలా పరీక్షకు వెళ్ళేవాళ్ళకు నా తలకిందుల సలహా: మూడు పీసుల మీద మోజు తగ్గించుకోండి. ఏబీఆర్ఎస్ఎం ప్రాక్టికల్ గ్రేడులో మొత్తం 150 మార్కులు. మూడు పీసులకు ముప్ఫై చొప్పున తొంభై. స్కేల్స్‌కు 21, చూసి వాయించడానికి 21, చెవి పరీక్షకు 18. పాస్ కావడానికి వంద కావాలి. పీసుల్లో తొంభైకి తొంభై వచ్చినా పాస్ కాలేరు. పెద్దవాళ్ళు పీసుల్లోనే మునిగిపోయి ఆ అరవై మార్కులను చివరి వారానికి వదిలేస్తారు. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్ళకు చెవి పరీక్షలో విని తిరిగి పాడడం చేతిలో పని, స్కేల్స్ అంటే మన ఆరోహణ అవరోహణలే. కొత్తగా ఎక్కించుకోవలసింది వయోలా స్వరాలు రాసే ఆల్టో క్లెఫ్. వయొలిన్ స్వరలిపి కళ్ళకు పట్టేసినవాళ్ళు రోజూ రెండు వరుసలైనా ఆల్టో క్లెఫ్‌లో చదవాలి. రైలులో చదువుకోండి, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ చెన్నై చేరేలోపు చాలా చదవొచ్చు.

ఇక అన్నిటికన్నా తలకిందుల మాట. సిద్ధం కాకముందే ఫీజు కట్టేయండి. పెద్దవాళ్ళు సిద్ధం అయ్యేదాకా ఆగుతామంటారు, ఆ సిద్ధం ఎన్నటికీ రాదు. కూతురి పెళ్ళి, ఆడిటు, అమ్మ కంటి ఆపరేషను, ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంటుంది. ఫీజు కట్టి, తేదీ గోడ మీద రాసి, తప్పినా సరేనని వెళ్ళండి. తప్పితే ఎక్కడ తప్పామో మీకన్నా బాగా తెలిసినవాళ్ళు విన్నారు కదా, అది ఊరికే వచ్చిన పాఠం. నా ఎరికలో మొదటిసారి పోయి రెండోసారి నెగ్గినవాళ్ళ చేతిలో, మొదటిసారే నెగ్గినవాళ్ళకు లేని నిబ్బరం ఉంటుంది.

ఇంట్లోవాళ్ళకూ గురువులకూ ఒక విన్నపం. మీ నాన్నో అత్తగారో సాయంకాలం సరిగమలు గీస్తుంటే "ఇంకా అక్కడేనా" అనకండి. గురువులు దయచేసి పెద్ద విద్యార్థి మొహమాటానికి లొంగి తొందరగా కృతులు చెప్పేయకండి. గాంధారం నిలిచేదాకా సరళీ వరుసల్లోనే కూర్చోబెట్టండి. పెద్దవాళ్ళు మనసులో తిట్టుకుంటారు, అయినా మర్నాడు సాయంకాలం వయొలిన్ పెట్టె పట్టుకుని వస్తారు.